నిక్కీ, డింకీ బొమ్మ కార్ల పార్టులు కొనేవాళ్లకు జాగ్రత్త: బండిని మాత్రం పంపకండి

టైర్ల కోసం వెతుకుతున్నవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. టైర్లు నకిలీ అయితే పోయేది వెయ్యి రూపాయలు. నేను చేసిన తప్పు అది కాదు. "బిగించి పంపిస్తాం సార్" అంటే బండినే పార్సిల్ కట్టి ఇచ్చేశాను.

మాది పర్లాకిమిడి. 1970 ప్రాంతంలో నాన్న పని మీద కలకత్తా వెళ్లారు. ఇక్కడి చిన్న రైల్లో నౌపడ దాకా, అక్కడి నుంచి హౌరా వెళ్లే బండిలో. వచ్చేటప్పుడు మా అప్పకి నిక్కీ వాళ్ల జాగ్వార్ మార్క్ టెన్ బొమ్మ కారు ఒకటి తెచ్చారు. నేనప్పటికి పుట్టలేదు. కాబట్టి చట్టప్రకారం ఆ కారు అప్పదే, ఈ మాట ఆవిడ ఇప్పటికీ అంటుంది. అడుగు ప్లేటు మీద, వెనక చక్రం పక్కన, మేకుతో "ర" అని గీసుకుంది కూడా. ఆ గీతకి పడిన దెబ్బల సంగతి వేరే చెప్పాలి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. డింకీ బొమ్మ కార్లు ఇంగ్లండులో లివర్‌పూల్‌లో మెక్కానో కంపెనీ చేసేది. ఆ పాత అచ్చులు కొన్ని కలకత్తా చేరాయి. వాటితో ఇక్కడ పోత పోసినవే నిక్కీ టాయ్స్. అడుగున డింకీ పేరు చెరిపేసి నిక్కీ అని పెట్టారు, ఆ చెరుపుడు కూడా కొన్నిటికి మొరటుగానే ఉంటుంది. మనలాంటివాళ్లకి ముచ్చటంతా అక్కడే. పైన రంగు ఎవరైనా వేస్తారు. అది నిక్కీ అని చెప్పేది అడుగు ప్లేటే.

మా బండికి నాలుగు టైర్లూ ఎండి బీటలు వారిపోయాయి. డిక్కీ తెరిస్తే లోపల ఉండాల్సిన రెండు బుల్లి సూట్‌కేసులు ఎప్పుడో పోయాయి. ఆన్‌లైన్లో ఒకాయన దొరికాడు. ఊరూ పేరూ ఇక్కడ రాయను. "ఫ్యాక్టరీ స్టాక్ సార్, ప్యాకెట్ విప్పనివి" అన్నాడు, అదీ చక్కటి తెలుగులో. ఒడిశాలో ఉండే మనకి ఈ బలహీనత ఒకటుంది, ఫోన్‌లో అవతలివాడు తెలుగు మాట్లాడితే సగం బేరం అక్కడే అయిపోతుంది.

లివర్‌పూల్ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది. పాత స్టాకు అక్కడక్కడ మిగిలి ఉండదని కాదు. కానీ రబ్బరు నలభై ఏళ్లు దాటితే కొత్తదానిలా సాగదు, ప్యాకెట్‌లో ఉన్నా గట్టిపడుతుంది. వేలితో లాగితే రబ్బరు బ్యాండులా సాగే టైరుని "అప్పటిది" అంటున్నాడంటే అది ఈమధ్య చేసిందే. అలా కొత్తగా చేసిన టైర్లు కొనడం తప్పేమీ కాదు, నిజాయితీగా నకలని చెప్పి అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు. చెప్పే మాట, తీసుకునే ధర కలవాలి, అంతే. నేను నాలుగు టైర్లకి 1,200, సూట్‌కేసులకి 900 ఇచ్చాను.

వచ్చిన టైర్లు రబ్బరే కాదు, మెత్తటి పీవీసీ. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల వేరే బళ్లు కూడా పాడవుతాయి. పీవీసీని మెత్తగా ఉంచడానికి అందులో నూనెలాంటి పదార్థం కలుపుతారు. కాలం గడిచేకొద్దీ అది బయటికి ఊరుతుంది. తగిలిన చోట మామూలు గట్టి ప్లాస్టిక్ ఉంటే దాన్ని కరిగిస్తుంది. మా మార్క్ టెన్‌వి లోహపు చక్రాలు కాబట్టి బతికాయి. ఆ టైర్లని నేను నెలరోజులు ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఉంచాను. తీసేసరికి డబ్బా అడుగున నాలుగు గుంటలు, జిగురు. ప్లాస్టిక్ చక్రాలున్న బండికి ఇలాంటివి తొడిగితే ఏమయ్యేదో ఊహించుకోండి. సూట్‌కేసులు భూతద్దం కింద పెట్టి చూస్తే పొర మీద పొర గీతలు, త్రీడీ ప్రింటర్‌లో తీసినవి. అచ్చులో పోసిన ప్లాస్టిక్ మీద ఆ గీతలు ఉండవు, పక్కన ఒక సన్నటి అతుకు గీత మాత్రం ఉంటుంది.

పైగా టైర్లు వదులు. ఫోన్ చేస్తే చాలా మర్యాదగా మాట్లాడాడు. "సైజు తేడా వచ్చుంటుంది సార్, మీరు బండి పంపించండి, నేనే సరైనవి బిగించి పంపుతా, 1,500 ఇవ్వండి చాలు." ఇక్కడ ఆగాల్సింది. టైరు మార్చడానికి బండి విప్పక్కర్లేదు, చక్రం మీంచి వేలితో తీసి వేలితో తొడగొచ్చు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ పంపాను. పెట్టె మీద అడ్రసు రాస్తుంటే అప్ప "ఎందుకురా" అంది కూడా.

ఇరవై రెండు రోజులకి తిరిగొచ్చింది. కొరియర్ వాళ్లు పర్లాకిమిడి రామంటే ఎప్పటిలాగే పాతపట్నంలో తెలిసినవాళ్ల షాపు అడ్రసు ఇచ్చాను, అక్కడే పెట్టె విప్పాను. వీడియో తీయలేదు. టైర్లు ఈసారి సరిపోయాయి, బండి తుడిచి తళతళలాడుతోంది. ఇంటికి తెచ్చి అప్ప చేతిలో పెడితే ఆవిడ పైన చూడనే లేదు, తిప్పి అడుగు చూసింది. "ర" లేదు.

ప్లేటు మార్చేశాడు. ఈ కార్ల అడుగు ప్లేటుని స్క్రూలతో బిగించరు. బాడీ పోతలోనే చిన్న కడ్డీల్లాంటివి ఉంటాయి, ప్లేటు కన్నాల్లోంచి బయటికొచ్చిన వాటి కొసల్ని రివెట్‌లా అదిమేస్తారు. ప్లేటు ఊడాలంటే ఆ కొసల్ని డ్రిల్ చేయాల్సిందే. యాభై ఏళ్లనాటి రివెట్ కొస మాసిన బూడిద రంగులో ఉంటుంది. నాకొచ్చినదాంట్లో రెండు చోట్లా వెండిలా మెరిసే కొత్త లోహం, చుట్టూ జిగురు చారిక. ప్లేటు మీద అక్షరాలేమో మొద్దుగా, అంచులు అరిగిన సబ్బు మీది పేరులా ఉన్నాయి. అసలు దాని మీంచి అచ్చు తీసి పోసింది కావచ్చు. నా ప్లేటు ఈపాటికి ఏ రంగు వేసిన డింకీ బాడీకో ఎక్కి, "అరుదైన నిక్కీ" అయి కూర్చుందని నా అనుమానం.

అడిగితే ఒకటే మాట: "మీరు పంపింది ఇదే సార్." నా దగ్గర బండి పైభాగం ఫోటోలు పాతిక ఉన్నాయి. అడుగుది ఒక్కటీ లేదు. కాబట్టి మీ దగ్గరున్న ప్రతి బండినీ ఈ రాత్రే తిరగేసి, రివెట్లు స్పష్టంగా కనబడేలా ఫోటో తీసి పెట్టుకోండి. పార్సిల్ కట్టేటప్పుడూ విప్పేటప్పుడూ కోత లేని వీడియో తీయండి. టైరు కావాలంటే బండి పంపొద్దు, వెర్నియర్‌తో చక్రం కొలత మిల్లీమీటర్లలో తీసి అది పంపండి. అమ్మేవాడు కొలత అడగకుండానే "సరిపోతుంది సార్" అన్నాడంటే అక్కడే ఫోన్ పెట్టేయొచ్చు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేశాను, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ఇతను మాత్రం "నేను వ్యాపారిని కాను, సరదాకి అమ్ముతా" అని తప్పుకుంటున్నాడు. 2019 చట్టం ప్రకారం కొన్నవాళ్లు తాము ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, అమ్మినవాడి ఊరికి పరుగెత్తక్కర్లేదు. నేనూ ఆ కాగితాలే సర్దుకుంటున్నాను. డబ్బు కట్టించుకుని వస్తువే పంపకుండా మాయమయ్యేవాళ్లయితే సంగతి వేరు. అప్పుడు ఆలస్యం చేయకుండా 1930కి, అంటే సైబర్ మోసాల నంబరుకి చేయాలి.

ప్రస్తుతానికి బజారులో మోటారు పంపుల సామాన్ల షాపులో దొరికే రబ్బరు ఓ-రింగులు తొడిగాను. ఒక్కోటి ఐదు రూపాయలు. గాడులు లేవు, అసలు టైర్లలా ఉండవు, కానీ రబ్బరు టైర్లని చెప్పుకోవచ్చు. సూట్‌కేసుల కోసం మా ఊళ్లో కొమ్ముతో బొమ్మలు చేసే ఆయన్ని అడిగాను. కొలతలు చూసి నవ్వి, మిగిలిపోయిన కొమ్ము ముక్కతో రెండూ చెక్కి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు.

మీలో ఎవరికైనా నిక్కీ మార్క్ టెన్ గానీ, ఒట్టి అడుగు ప్లేటు గానీ అమ్మకానికి కనబడితే, కుడి వెనక చక్రం పక్కన చూడండి. మేకుతో గీసిన "ర", తలకట్టు లేదు, గుండ్రం కూడా సరిగ్గా మూసుకోలేదు. ఉంటే కొనేసి నాకు చెప్పండి, మీరు పెట్టిన డబ్బు అప్పే ఇస్తానంది.