బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా: నార్వే తీరం వెంట ఆరు రాత్రులు

మృగశిర కార్తె వచ్చినా విజయవాడలో ఎండ తగ్గని జూన్ రెండవ వారంలో నేనూ మా శ్రీమతీ గన్నవరంలో విమానం ఎక్కి, ఢిల్లీ మీదుగా స్టాక్‌హోమ్ చేరుకున్నాము. అక్కడ మూడు రోజులు, ఓస్లోలో రెండు రోజులు ఉండి, రైలులో బెర్గెన్ వెళ్లి, ఆ రేవు నుంచి రష్యా సరిహద్దు దగ్గరున్న కిర్కెనెస్ వరకు నౌకలో ప్రయాణించాము. అరవై దాటిన మా ఈడు వారికి పనికివస్తుందని ఈ అనుభవాలు రాస్తున్నాను.

స్టాక్‌హోమ్‌లో మా బస స్టేషన్‌కు కూతవేటు దూరంలోనే ఉండడం వల్ల సామాను మోసే శ్రమ తప్పింది. గది ఇరుకు. మంచం ఒకటే అయినా దుప్పట్లు మాత్రం ఎవరిది వారికే వేరుగా ఉండడం ఆ దేశాల పద్ధతి. కుళాయి నీరే తాగవచ్చు కనుక సీసాలు కొననక్కరలేదు. ఆ నగరంలో ఒక్కటే చూడగలిగే వ్యవధి ఉంటే వాసా మ్యూజియం చూడమంటాను. 1628లో తొలి ప్రయాణంలోనే, ఒకటిన్నర కిలోమీటరైనా సాగకముందే, పైబరువు ఎక్కువై ఒరిగి మునిగిన యుద్ధనౌకను 1961లో పైకి తీసి అక్కడ నిలిపారు. మూడు శతాబ్దాలకు పైగా నీటిలో ఉన్న ఆ కొయ్య మీది సింహాల చెక్కడాలు చూస్తూ మా శ్రీమతి రెండు గంటలు కదలలేదు. ఓస్లోలో విగెలాండ్ శిల్పాల ఉద్యానవనం బాగుంది, ప్రవేశ రుసుము కూడా లేదు; కానీ భోజనం ధరలు భయపెట్టాయి. మేము తీసుకువెళ్లిన కందిపొడి, గోంగూర పచ్చడి అక్కడే సగం ఖర్చయ్యాయి.

ఓస్లో నుంచి బెర్గెన్‌కు రైలులో దాదాపు ఏడు గంటలు పడుతుంది. 1,222 మీటర్ల ఎత్తున ఉన్న ఫిన్సె స్టేషన్‌లో జూన్ నెలలోనూ పట్టాల పక్కన మంచు కనిపించింది. విమానంలో వెళితే గంట కూడా పట్టదు గాని, ఈ దారిని వదులుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

ఇక నౌక. వేల మందిని ఎక్కించుకుని, లోపల నాటకశాలలూ ఈతకొలనులూ ఉండే విహారనౌక కాదిది. 1893 నుంచి ఈ తీరంలో సరుకులు, మనుషులను (ఒకప్పుడు ఉత్తరాలను కూడా) చేరవేస్తున్న మార్గంలో తిరిగే ఓడ. రానూపోనూ 34 రేవులను కలుపుతుంది. ఒక రాత్రి నిద్రపట్టక పైకి వెళ్లి చూస్తే, ఏదో చిన్న రేవులో పక్క తలుపు తెరిచి ఫోర్క్‌లిఫ్ట్‌తో పెట్టెలు దించుతున్నారు. చేతిసంచితో ఒక ముసలావిడ ఒంటరిగా దిగి, ఎదురుచూస్తున్న కారెక్కి వెళ్లిపోయింది. మన పల్లెకు ఆఖరి బస్సు వచ్చినట్లే ఉంది ఆ దృశ్యం. నేను ఆ ఓడను ఇష్టపడింది అందుకే.

నాలుగవ రోజు ఉదయం ఆర్కిటిక్ వలయం దాటాము. ఆ సాయంత్రం లోఫోటెన్ దీవులలోని స్వోల్వార్‌లో దిగగానే మా శ్రీమతి ముక్కు మూసుకుని "నిజాంపట్నం వాసన" అన్నది. కాడ్ చేపలను ఉప్పు వేయకుండా ఫిబ్రవరి నుంచి కొయ్య దండేల మీద గాలికి ఆరబెడతారు. మేము వెళ్లేసరికి చాలా దండేలు ఖాళీ అయ్యాయి. కొన్నిటికి చేప తలలు మాత్రం గుత్తులుగా వేలాడుతున్నాయి. అవి నైజీరియా వంటిళ్లకు వెళతాయట.

మేము శాకాహారులమని ముందే తెలిపినందువల్ల వంటవారు రోజూ వేరుగా ఏదో ఒకటి చేసిపెట్టారు. బంగాళాదుంప, సూపు, రొట్టె ప్రధానం. చీజ్ తీయగా మిగిలే పాల విరుగుడు నీటిని ఎర్రబడేదాకా మరిగించి చేసే గోధుమరంగు చీజ్ మాత్రం కాస్త అడుగంటిన కోవాలా ఎంతో రుచిగా ఉంది.

బాధ కలిగించినది గది విషయం. కిటికీ ఉన్న గది అని మా ఊరి ట్రావెల్స్ వారు డబ్బు తీసుకున్నారు. కిటికీ ఉన్నది నిజమే, కానీ దానికి అడ్డంగా లైఫ్‌బోటు వేలాడుతున్నది. టికెట్టు తీసుకునేటప్పుడు గది నంబరు అడిగి, నౌక పటంలో అది ఎక్కడున్నదో చూసుకోండి. ఉత్తరానికి వెళ్లేటప్పుడు తీరం కుడివైపున ఉంటుంది. వేసవిలో అర్ధరాత్రి కూడా వెలుగే కనుక కంటిపట్టీ తప్పనిసరి.

ఆరవ రోజు హొన్నింగ్స్‌వోగ్‌లో దిగి బస్సులో నార్త్ కేప్ చేరాము. 307 మీటర్ల కొండ అంచు, కింద సముద్రం, విడవని గాలి. ఆ యాత్రకు విడిగా రుసుము చెల్లించాలి, అది తక్కువేమీ కాదు. అయినా చెల్లించినందుకు విచారం లేదు. మరునాడు ఉదయం కిర్కెనెస్‌లో వీధి పేర్లు నార్వే భాషతో పాటు రష్యన్‌లోనూ కనిపించాయి. మేము అక్కడ దిగి విమానంలో తిరిగి వచ్చాము గాని, పోయేటప్పుడు రాత్రివేళ దాటిన రేవులు చాలావరకు తిరుగు ప్రయాణంలో పగటిపూట వస్తాయి. ఇంకో ఐదు రోజుల సెలవు, అందుకు తగిన డబ్బు ఉన్నవారు బెర్గెన్ వరకు అదే ఓడలో వెనక్కి రావడం మేలు.