రెండేళ్లు వాడాక: ఈ వైఫై అడాప్టర్‌లో నాకు నచ్చింది దాని వైరు

రౌటర్ నుంచి వచ్చే వైఫైని కంప్యూటర్ అందుకోవడానికి యూఎస్‌బీ పోర్టులో గుచ్చే చిన్న పరికరం ఇది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘ఏసీ 1300’ అని ఉంటుంది (ఏసీ అంటే ఇక్కడ వైఫైలో ఒక తరం పేరు). దాన్ని పట్టించుకోకండి. వైఫై నడిచే రేడియో బ్యాండ్లు రెండు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 400 ఎంబీపీఎస్ (నెట్ వేగం కొలత), 5 గిగాహెర్ట్జ్‌లో 867, రెండూ కలిపితే సుమారు 1300 అని కంపెనీవాళ్లు వేసుకున్న కూడిక అది. అడాప్టర్ ఒకసారికి ఒక్క బ్యాండ్ మీదే నడుస్తుంది కాబట్టి ఆ కూడిక ఎవరింట్లోనూ నిజం కాదు. అసలు సరుకు డబ్బా అడుగున ప్లాస్టిక్ కవర్లో చుట్ట చుట్టి ఉంటుంది. మీటరున్నర నల్ల వైరు, దాని చివర అడాప్టర్‌ను నిలబెట్టే చిన్న స్టాండు. ఇన్నాళ్లు వాడి ఇప్పుడు ఇంత రాస్తున్నానంటే ఆ వైరు గురించే.

కంపెనీ పేరు చెప్పను. అచ్చం ఇలాంటివి చాలా కంపెనీలు అమ్ముతున్నాయి. ధర నేను కొన్నప్పుడు పదిహేను వందల లోపే.

మాది మిర్యాలగూడలో మామగారి కాలం నాటి ఇల్లు. రాతి గోడలు, మూరెడు మందం. ఎండాకాలం చల్లగా ఉంటాయని వచ్చినవాళ్లంతా మెచ్చుకుంటారు. రౌటర్ ముందు హాల్లో టీవీ పైన ఉంటుంది, నా కంప్యూటర్ వెనక గదిలో. మధ్య గోడకు హాలు వైపు అత్తమ్మ బీరువా ఉంది, పాతకాలపు ఇనుముది, ఇద్దరు పట్టినా కదలదు. రాయి ఒక ఎత్తు, ఇనుము ఒక ఎత్తు. రాయి సిగ్నల్‌ను బలహీనం చేస్తుంది గానీ అంతో ఇంతో పోనిస్తుంది. ఇనుప రేకు అసలు పోనివ్వదు, వెనక్కి కొట్టేస్తుంది.

నేను రైస్ మిల్లులకూ రెండు మూడు హోల్‌సేల్ షాపులకూ లెక్కలు రాస్తాను. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నులు, 11వ తేదీకి జీఎస్టీఆర్-1, 20వ తేదీకి 3బి, అన్నీ ఈ వెనక గది నుంచే. ఆ తేదీలు దాటితే రోజుకు 50 రూపాయలు లేట్ ఫీజు. డబ్బు పెద్దది కాకపోయినా మిల్లు సేటు ముందు మాట పోతుంది. మిల్లు ఆఫీసు కంప్యూటర్‌లోని ట్యాలీని (లెక్కల సాఫ్ట్‌వేర్) ఇంటి నుంచి ఎనీడెస్క్‌లో (దూరంలో ఉన్న కంప్యూటర్‌ను ఇక్కడి నుంచి నడిపించేది) తెరిస్తే, ఇక్కడ మౌస్ కదిపాక అక్కడ బాణం గుర్తు ఎప్పుడో తీరిగ్గా కదిలేది. మేం తీసుకున్నది 100 ఎంబీపీఎస్ ప్లాను. హాల్లో రౌటర్ ముందు ఫోన్‌లో చూస్తే 90కి పైనే. వెనక గదిలో కంప్యూటర్‌కు ఆరు, ఏడు. కనెక్షన్ ఇచ్చిన అబ్బాయిని పిలిస్తే వచ్చి, ఫోన్ చూపించి, “అక్కా, మీ ఇంటిదాంక స్పీడ్ మంచిగనే ఇస్తున్నం. లోపల మీ గోడలకు మేమేం చేస్తం?” అన్నాడు. కోపం వచ్చింది గానీ అతను చెప్పింది నిజమే.

రౌటర్ నుంచి కంప్యూటర్‌కు నేరుగా లాన్ వైరు గుంజుకోవచ్చు కదా అంటారు. మీకు వీలుంటే అదే చేయండి, ఈ సమీక్ష చదవడం ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు. వైరుకు మించిన వైఫై లేదు. మా ఇంట్లో మాత్రం గోడకు బొక్క కొట్టడానికి అత్తమ్మ ఒప్పుకోదు. దొడ్డివైపు నుంచి బయటగా తిప్పుదామంటే కోతులు. డిష్ వైరునే ఉంచలేదు, లాన్ వైరును ఉంచుతాయా?

ఇంతకుముందు నా దగ్గర గోరంత వైఫై అడాప్టర్ ఉండేది, సీపీయూ వెనక గుచ్చేది. లోపల యాంటెన్నా కూడా గోరంతే. అది వెళ్లి సీపీయూ ఇనుప డబ్బాకూ గోడకూ మధ్య కూర్చునేది, అవతల బీరువా. అంటే సిగ్నల్ ఒక ఇనుమును దాటి, రాయిని దాటి, మళ్లీ ఇంకో ఇనుము చాటుకు రావాలి. పైగా అది 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టేది. మా వీధిలో ప్రతి ఇంటి రౌటరూ ఆ బ్యాండ్ మీదే ఉంది. ఆ బ్యాండ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలిగినవి 1, 6, 11 అనే మూడు ఛానెళ్లే. వీధి మొత్తం ఆ మూడింట్లో సర్దుకోవాలి.

కొత్తది వచ్చాక ముందు దాన్ని కూడా సీపీయూకే గుచ్చి చూశాం. కొంచెం నయం, అంతే. ఆ తర్వాత వైరు తీశాం. సీపీయూని కింద నుంచి ఎత్తి టేబుల్ మీద పెట్టి, కమాండ్ ప్రాంప్ట్‌లో (విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే కిటికీ) ‘నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్’ అని కొడితే సిగ్నల్ ఎంత శాతమో, ఏ ఛానెలో, రిసీవ్ రేటు (డేటా అందే వేగం) ఎంతో చూపిస్తుంది. స్టాండును మా ఆయన చేతికిచ్చి, నేను ఆ కమాండ్ మళ్లీ మళ్లీ కొడుతూ, ఆయన్ను అటూ ఇటూ జరగమన్నాను. టేబుల్ చివర 40 శాతం. కిటికీ దగ్గర ఇంకా తక్కువ. తలుపు పక్కన కొంచెం పెరిగింది. విసుగొచ్చి ఆయన స్టాండును తలుపు పైన వెంటిలేటర్ గూట్లో పెట్టేసి, “ఇంక నా వల్ల కాదు” అని టీకి వెళ్లిపోయారు. కమాండ్ కొట్టాను. 78 శాతం, 5 గిగాహెర్ట్జ్, రిసీవ్ రేటు మూడంకెల్లో.

కారణం తర్వాత ఆలోచిస్తే తేలికగానే అర్థమైంది. ఆ వెంటిలేటర్‌కు అద్దం లేదు, చెక్క చట్రం మాత్రమే. హాల్లో రౌటర్ కూడా టీవీ పైన ఎత్తులోనే ఉంది. రెండింటి మధ్య రాయీ లేదు, బీరువా కూడా లేదు. 5 గిగాహెర్ట్జ్‌కు వేగం ఎక్కువ గానీ గోడలంటే పడదు. దారి దొరికితే మాత్రం 2.4 దాని దరిదాపుల్లోకి రాదు. ఆ రోజు నుంచి వెనక గదిలో కూడా 70, 80 వస్తోంది. ఎనీడెస్క్‌లో మౌస్ కదిపితే అక్కడా వెంటనే కదులుతోంది. నాకు స్పీడ్ టెస్ట్ అంకె కన్నా ఇదే ముఖ్యం. మిల్లులో గుమస్తా, “మేడమ్, మీరు ఆఫీసులోనే కూర్చున్నట్టుంది” అన్నాడు.

వైరు వల్ల ఇంకో లాభం కూడా ఉంది. సీపీయూలో నీలం రంగు యూఎస్‌బీ పోర్టులు ఉంటాయి కదా, యూఎస్‌బీ 3.0వి. అవి పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే రేడియో రొద చేస్తాయి. ఇది కొత్త సంగతి కాదు, 2012లోనే ఇంటెల్ ఒక పత్రంలో వివరంగా రాసింది. అడాప్టర్‌ను నీలం పోర్టుకు నేరుగా గుచ్చినప్పుడు పక్కనే ఉన్న నా వైర్‌లెస్ మౌస్ తడబడేది. స్టాండు దూరం వెళ్లాక ఆ గొడవ పోయింది.

ఇక్కడిదాకా చదివి వెంటనే ఆర్డర్ పెట్టేవాళ్లు కొంచెం ఆగండి.

ఒక నెల 19వ తేదీ సాయంత్రం. గాలివానకు కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయింది. ఇన్వర్టర్ ఉంది గానీ కంప్యూటర్‌ను అది మోయలేదు. కరెంటు నిలకడగా వచ్చాక ఆన్ చేస్తే కింద మూలన వైఫై గుర్తు లేదు, గోళం బొమ్మ ఉంది. వైఫై ఆన్ చేద్దామంటే సెట్టింగ్స్‌లో ఆ మాటే కనపడలేదు. కంప్యూటర్‌కు ఉన్న పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో చూస్తే అడాప్టర్ పేరే లేదు. కాలిపోయిందనుకున్నాను. దాని చిన్న లైటు మాత్రం వెలుగుతోంది. మూడు మిల్లుల 3బి ఇంకా వేయాలి. టెన్షన్‌తో ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకొని నెట్ సెంటర్‌కు పోదామని ‘దిస్ పీసీ’ తెరిస్తే అందులో సీడీ డ్రైవ్ ఒకటి కనపడింది. నా కంప్యూటర్‌కు సీడీ డ్రైవ్ ఎప్పుడో పోయింది, తీసేయించాం.

హైదరాబాద్‌లో ఉన్న మా మరిదికి ఫోన్ చేశాను. ఫొటో పంపమన్నాడు. చూసి నవ్వాడు. “వదినా, అది ఖరాబ్ కాలే. సీడీ అనుకొని కూసుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ కొట్టు.” కొట్టాను. టుంగు మని శబ్దం వచ్చింది, సీడీ డ్రైవ్ మాయమైంది, కాసేపటికి వైఫై గుర్తు వచ్చింది.

సంగతేమిటంటే, ఇలాంటి అడాప్టర్లు కొన్నింటిలో డ్రైవర్ ఫైళ్లు (కంప్యూటర్ దాన్ని నడపడానికి కావలసిన సాఫ్ట్‌వేర్) దాని లోపలే ఉంటాయి. కొత్త కంప్యూటర్‌కు గుచ్చగానే అది ముందు తానొక సీడీనని చెప్పుకుంటుంది, మనం అందులోంచి డ్రైవర్ వేసుకోవాలని. డ్రైవర్ ఉన్న కంప్యూటర్‌లో వెంటనే వేషం మార్చి వైఫైగా రావాలి. కరెంటు అలా వచ్చీ పోయీ చేసినప్పుడు మా దాంట్లో ఆ మార్పు జరగలేదు. నాకు ఎజెక్ట్‌తో పోయింది. కొందరికి తీసి మళ్లీ గుచ్చితే సరిపోతుందట, కొందరు డ్రైవర్ మళ్లీ వేసుకోవాల్సి వస్తుందట. నా కోపం దాని మీద కాదు. డబ్బాలో ఉన్న కాగితంలో ఈ సంగతి ఒక్క ముక్క కూడా లేదు. ఐదారు భాషల్లో ‘తడి తగలనివ్వకండి’ అని రాసినవాళ్లకు ఇదొక్క వాక్యం బరువైందా? ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు ఇలాగే చేసింది, కరెంటు కోతలప్పుడే. ఇప్పుడు భయం లేదు. అయినా 20వ తేదీ దగ్గరపడితే ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి ఫోన్ నెట్ కంప్యూటర్‌కు ఎలా ఇవ్వాలో మీరూ ముందే చూసిపెట్టుకోండి. ఆ రాత్రి ఎజెక్ట్ కొట్టకపోయినా దానితో పని నడిచేది.

అన్నట్టు, మధ్యలో ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత కాసేపు వాడకపోతే వైఫై పడుకోవడం మొదలైంది. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్‌కు వెళ్లి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం దీన్ని ఆపేయొచ్చు అన్న చోట టిక్కు తీసేస్తే పోయింది.

వైరును అంత పొగిడాను కదా. స్టాండులో అడాప్టర్ గుచ్చే చోటు ఏడాది తిరిగేసరికి వదులైంది. ఫ్యాను గాలికి వైరు ఊగితే చాలు, నెట్ తెగేది. దానికి రబ్బర్ బ్యాండ్ వేసి నడిపిస్తున్నాం. ఇది కాదని బజార్లో ఐదు మీటర్ల ఎక్స్‌టెన్షన్ కొంటే మామూలుగా బాగానే ఉండి, పెద్ద ఫైలు అప్‌లోడ్ చేసేటప్పుడే పడిపోయేది. సన్నటి పొడుగు వైర్లో అడాప్టర్‌కు చేరే కరెంటు చాలదు. కాబట్టి మీ గదిలో మంచి చోటు కంప్యూటర్‌కు మీటరున్నర లోపల లేకపోతే, నా సంతోషం మీకు దొరకదు. నాకు తలుపు పక్కనే టేబుల్ ఉండటం కలిసొచ్చింది.

ఎండాకాలం ఇంకో కథ. 45 డిగ్రీలు దాటే మా మే నెలలో మధ్యాహ్నం వెంటిలేటర్ గూట్లో అడాప్టర్‌ను ముట్టుకుంటే వేలు వెంటనే తీసేస్తాం. అయినా ఆగిపోలేదు, ఆ మెప్పు దానికి ఇవ్వాలి. స్పీడ్ మాత్రం సగానికి పడేది. వేడికే అనుకున్నాం గానీ రాత్రి చల్లబడ్డాక కూడా అంతే. ఒకరోజు హాల్లో కూలర్‌ను కడగడానికి బయటికి లాగినప్పుడు స్పీడ్ మామూలైంది. మాది రేకు కూలర్, గడ్డి మెత్తలది. మనిషి నడుము దాకా వచ్చే డబ్బా, అడుగున నిండా నీళ్లు. బల్ల మీద ఎక్కించి సరిగ్గా టీవీ ముందుకు పెడతారు, రౌటర్‌కూ వెంటిలేటర్‌కూ మధ్యకు. అత్తమ్మకు గాలి అక్కడే బాగా తగులుతుంది. కూలర్ జరపమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు, రౌటర్‌నే టీవీ మీద నుంచి పక్క గోడ మేకుకు మార్చాం. పూర్తిగా మునుపటిలా లేదు, 50 దాకా వస్తోంది. వానలు పడి కూలర్ అటకెక్కాక మళ్లీ 70.

కొనమంటారా అంటే, మీ ఇల్లు చూడకుండా చెప్పలేను. డెస్క్‌టాప్ ఉండి, వైరు గుంజే వీలు లేక, రౌటర్ దగ్గర ఫోన్‌లో స్పీడ్ బాగా వస్తూ కంప్యూటర్‌లో మాత్రం రాకపోతే పనికొస్తుంది. రౌటర్ దగ్గరే స్పీడ్ లేకపోతే ఏ అడాప్టరూ ఏమీ చేయలేదు, ముందు కనెక్షన్ ఇచ్చినవాళ్లతో తేల్చుకోండి. ల్యాప్‌టాప్ వాళ్లకు చాలావరకు అవసరం లేదు. ల్యాప్‌టాప్‌ను తీసుకెళ్లి గుమ్మం దగ్గర కూర్చుంటే అదే పని అవుతుంది. 20వ తేదీ రాత్రి జీఎస్టీ పోర్టల్ తెరుచుకోకుండా తిరుగుతూ కూర్చుంటే అది కూడా దీని తప్పు కాదు.

ఇప్పుడు వైఫై 6 అడాప్టర్లు కూడా వస్తున్నాయి. మా రౌటర్ దానికి ముందు తరమైన ఏసీ దాకానే కాబట్టి నాకు ప్రస్తుతం లాభం లేదు. ఏడాది డబ్బులు ఒకేసారి కడితే కొత్త రౌటర్ ఇస్తానని కనెక్షన్ అబ్బాయి అంటున్నాడు. కట్టాలా వద్దా అనేది మా ఆయన ఇంకా తేల్చలేదు.