మా అబ్బాయి డిప్రెషన్‌కి చూపిస్తున్న క్లినిక్: ఐదుకి నాలుగు స్టార్లు

రేటింగ్ ముందే చెప్పేశాను. క్లినిక్ పేరు మాత్రం రాయను. రాస్తే మావాడెవరో తెలిసినవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. వాడు సరేనన్నంత వరకే ఇక్కడ రాస్తున్నాను. పేరు లేని రివ్యూ ఎందుకంటారా? ఎదిగిన బిడ్డని వెంటబెట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరిగే తల్లిదండ్రులకి ఏం చూసుకోవాలో తెలిస్తే, ఇలాంటి చోటు ఎక్కడున్నా గుర్తుపడతారని.

నేను ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్‌లో పనిచేసి రిటైరయ్యాను. కొలత తీయకుండా ‘బానే ఉంది’ అంటే మా డిపార్ట్‌మెంట్‌లో చెల్లేది కాదు. ఇంతకుముందు చూపించిన చోట మాకు దొరికింది ఆ మాటే. ‘ఎలా ఉంది?’ అని అక్కడి డాక్టరు అడిగేవాడు. ‘పర్లేదు సార్’ అని మావాడు. ‘సరే, ఇవే కంటిన్యూ చేయండి.’ డిప్రెషన్‌లో ఉన్న మనిషి ‘పర్లేదు’ అన్నాడంటే చాలాసార్లు ఇంక మాట్లాడే ఓపిక లేదని అర్థం. నెలలు గడిచాయి. మందు మారలేదు, డోసు మారలేదు, వాడి పరిస్థితీ మారలేదు.

ఈ కొత్త క్లినిక్‌లో మొదటి రోజే తేడా తెలిసింది. డాక్టరమ్మ మందుల చీటీ జోలికి పోకుండా చాలాసేపు ప్రశ్నలే అడిగింది. నిద్ర, ఆకలి, తాగుడు అలవాటు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా, ఇదివరకు ఏ మందు ఎంత డోసులో ఎన్నాళ్ళు వాడారు. రక్తపరీక్షల్లో థైరాయిడ్, విటమిన్ బీ12 కూడా రాసింది. థైరాయిడ్ సరిగ్గా పనిచేయకపోయినా ఇలాగే నీరసం, దిగులు ఉంటాయట. తర్వాత ఒక వింత ప్రశ్న: ‘ఎప్పుడైనా రోజుల తరబడి సరిగ్గా నిద్రపోకపోయినా అలసట లేకుండా, విపరీతమైన హుషారుతో, ఎడాపెడా ఖర్చుపెడుతూ ఉన్నావా?’ దిగులుతో వచ్చినవాడిని హుషారు గురించి ఎందుకు అడుగుతోందో నాకు అర్థం కాలేదు. బైపోలార్ (కొన్నాళ్ళు అతి హుషారు, కొన్నాళ్ళు తీవ్రమైన దిగులు వచ్చే జబ్బు) ఉన్నవాళ్ళకి ఒట్టి డిప్రెషన్ మందు ఇస్తే కొందరిలో అది ఉన్మాదం వైపు తిరగొచ్చని, అందుకే ముందు తేల్చుకోవాలని ఆవిడే వివరించింది. పాత చోట ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత సూటిగా, ‘చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అని కూడా ఆలోచించావా?’ అంది. పక్కన కూర్చున్న నాకు గుండె జారిపోయింది. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని మనకి భయం. అడగడం వల్ల అలా పుట్టదని, చాలామందికి చెప్పుకునే దారి దొరికి కాస్త తేలికవుతుందని ఆవిడ అంది. మావాడు తల దించుకునే జవాబిచ్చాడు, కానీ ఇచ్చాడు. ఆ రోజే వాడి చేత ఒక సేఫ్టీ ప్లాన్ రాయించారు: ఆలోచనలు ముదురుతున్నాయని ఎలా తెలుస్తుంది, అప్పుడు ఏం చేస్తాడు, ఎవరికి ఫోన్ చేస్తాడు, ఏ ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంట్లో ఉన్న మందులన్నీ నా దగ్గర తాళంలో పెట్టమన్నారు. ఇన్నాళ్ళూ అవి అందరికీ అందే డబ్బాలో ఉండేవి.

తల్లిదండ్రులతో ఎలా వ్యవహరిస్తారన్నది ఇంకో పెద్ద విషయం. మావాడికి 23 ఏళ్ళు. ‘మీ అబ్బాయి మేజరండీ. తను ఒప్పుకోనిదే లోపల మాట్లాడుకున్నది మీకు చెప్పను. మీరు చెప్పేది వినడానికి మాత్రం నాకు అడ్డేం లేదు’ అంది. ఒక ఫారం ఇచ్చి, నాన్నకి ఏవి చెప్పొచ్చో వాడినే టిక్ పెట్టమంది. మందుల వివరాలు, అపాయింట్‌మెంట్లు, ప్రమాదం ఉంటే ఆ సంగతి: ఈ మూడిటికీ పెట్టాడు. నేను ఇంట్లో గమనించినవి ఒక కాగితం మీద రాసిచ్చాను: తెల్లవారేదాకా మేలుకోవడం, స్నానం వాయిదా వేయడం, స్నేహితుల ఫోన్లు ఎత్తకపోవడం. ఆవిడ దాన్ని వాడి ముందే చదివింది, చాటున ఏమీ పెట్టలేదు. వాడికి ఆవిడ మీద నమ్మకం కుదిరింది అక్కడేనని నా అనుమానం.

ఇక నాకు బాగా నచ్చింది కొలత. లోపలికి వెళ్ళేముందు ప్రతిసారీ డిప్రెషన్ ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే ఫారం నింపాలి. 2001 నుంచి వాడుకలో ఉన్నదే. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పదికి వస్తే ఓ మోస్తరు డిప్రెషన్, ఇరవైకి వస్తే తీవ్రం. మావాడి మొదటి స్కోరు 19. లక్ష్యం 5 లోపు. ఒక్క నంబరుతో మనసు తెలిసిపోతుందని కాదు, కానీ ‘పర్లేదు’ వెనక ఏముందో అది బయటపెట్టింది.

సెర్ట్రలీన్ అనే డిప్రెషన్ మందు మొదలుపెట్టారు. పూర్తి ఫలితం కనిపించడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చని, మొదట్లో వికారం, నిద్ర తేడా ఉండొచ్చని ముందే చెప్పారు. 25 లోపు వాళ్ళలో మొదటి వారాల్లో చావు ఆలోచనలు పెరిగే ప్రమాదం కొంత ఉంటుందని, కొత్తగా అసహనం, స్థిమితం లేకపోవడం కనిపిస్తే వెంటనే ఫోన్ చేయమని కూడా చెప్పారు. అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ ఈ హెచ్చరికని 2004లో పిల్లలకి, 2007లో 24 ఏళ్ళ దాకా యువతకి పెట్టింది. నర్సమ్మ మొదటి వారంలోనే తనంతట తాను ఫోన్ చేసి అడిగింది.

స్కోరు కొంత దిగి ఆగిపోయింది. డోసు పెంచారు, మళ్ళీ అక్కడే. అప్పుడు ఇంకో మందుకి మార్చారు. వాడు పూర్తిగా నీరుగారిపోయాడు, ‘నాకేదీ పనిచేయదు నాన్నా’ అన్నాడు. 2006లో వచ్చిన స్టార్-డి అనే పెద్ద అధ్యయనంలో మొదటి మందుతోనే పూర్తిగా కోలుకున్నవాళ్ళు దాదాపు మూడోవంతేనని డాక్టరమ్మ వాడికి చెప్పింది. అంటే మొదటిది సరిపడకపోవడమే ఎక్కువమంది అనుభవం. మా ఫ్యాక్టరీలోనూ అంతే, కొలత తప్పితే ముక్కని తిట్టం, మెషీన్ సెట్టింగ్ మారుస్తాం.

మందుతో పాటు సీబీటీ పెట్టారు, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స. ‘పాజిటివ్‌గా ఆలోచించు’ అని నీతులు చెప్పే రకం కాదు. బుద్ధి పుట్టినా పుట్టకపోయినా లేచాక పది నిమిషాలు నడక, ముందూ వెనకా మూడ్ ఎంతుందో రాసుకోవడం, అది హోంవర్కు. నాకూ ఒక సెషన్ ఇచ్చారు. ‘ఇవాళ ఎలా ఉంది?’ అని రోజూ ఆరా తీయడం మానేసి, ‘నడకకి వెళ్తున్నా, వస్తావా?’ అని పిలవమన్నారు. రానంటే బతిమాలొద్దన్నారు. ఇది చెప్పినంత సులువు కాదు.

లోపాలు లేకపోలేదు. రిసెప్షన్‌లో ఫోన్ ఎత్తరు. అపాయింట్‌మెంట్ టైముకి వెళ్ళినా కూర్చోబెడతారు, గలభాగా ఉండే ఆ హాల్లో ఎదురుచూడటం మావాడికి నరకం. సీబీటీ చేసే అమ్మాయి మధ్యలో ఉద్యోగం మానేస్తే ఒక్కమాట ముందు చెప్పలేదు. కొత్తాయన దగ్గర కథంతా మొదటి నుంచీ చెప్పుకోవాల్సి వచ్చింది, వాడు తర్వాత వారం వెళ్ళనని మొండికేశాడు. రాత్రిళ్ళు ఎవరూ ఉండరు, ఎమర్జెన్సీ అయితే పెద్దాసుపత్రికే పరుగెత్తాలి.

ఈమధ్య స్కోరు 7. బాగైపోయిందని డాక్టరమ్మ ఇంకా అనలేదు. పూర్తిగా కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు మందు వాడాలని, ఆపేటప్పుడు ఒక్కసారిగా కాకుండా తనకి చెప్పి మెల్లగా తగ్గించాలని గట్టిగా చెప్పింది.

త్వరగా చూసి చీటీ రాసి పంపేస్తే చాలనుకునేవాళ్ళకి ఈ క్లినిక్ విసుగు పుట్టిస్తుంది. ఎన్నాళ్ళు వాడినా అదే చీటీ తిరగరాయించుకుంటున్నవాళ్ళయితే ఇలాంటి చోటే వెతుక్కోండి. ఐదో స్టారు వాళ్ళు ఫోన్ ఎత్తడం మొదలుపెట్టాక ఇస్తాను.