బిల్లులో చాలావరకు కట్టేశాం కదా అని నిశ్చింతగా ఉన్న క్రెడిట్ కార్డుదారులకు హెచ్చరిక

బ్యాంకు పేరు రాయడం లేదు. జీవితాంతం ఉచితం అంటూ పదే పదే ఫోన్ చేసి అంటగట్టే కార్డులు ఎలాంటివో మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. పోయిన బిల్లులో పదింట తొమ్మిది వంతులు గడువు తేదీ నాడే కట్టి, మిగిలిన ఒక్క వంతును వచ్చే నెలలో తీర్చుకోవచ్చనీ, అంత చిన్న బాకీకి పడే వడ్డీ ఏపాటి ఉంటుందనీ ధీమాగా ఉన్నాను. ఇప్పుడు కొత్త బిల్లు చూస్తే, ఆ మిగిలిన బాకీలో సగానికి మించిన మొత్తం వడ్డీ పద్దు కింద కనిపించింది.

లెక్కలో ఏదో పొరపాటు దొర్లి ఉంటుందన్న ఉద్దేశంతో కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. పొరపాటు ఏమీ లేదనీ, పూర్తి మొత్తం కట్టనందువల్ల వడ్డీ లేని గడువు, అంటే కొన్న నాటి నుంచి గడువు తేదీ దాకా వడ్డీ పడని వ్యవధి, రద్దయిపోయిందనీ, కాబట్టి బిల్లులోని ప్రతి కొనుగోలు మీద కొన్న తేదీ నుంచీ వడ్డీ పడిందనీ అవతలి ఉద్యోగి ఎంతో తాపీగా చెప్పారు. "నేను కట్టేసిన సొమ్ము మీద కూడానా?" అని అడిగితే, "మీరు కట్టిన రోజు వరకు పడుతుంది సార్, నిబంధనల్లో ఉంది, మీరు అంగీకరించారు" అన్నారు. అంగీకరించిన మాట నిజమే. అన్ని పేజీల నిబంధనలను కిందిదాకా జరిపి గడిలో టిక్కు పెట్టిన మహానుభావుణ్ని నేనే.

ఆ లెక్క ఎలా నడుస్తుందో మీకూ తెలియాలి. నా కార్డు వడ్డీ నూటికి నెలకు మూడున్నర, అంటే ఏడాదికి 42 శాతం. నెల మొదట్లో 1,000 రూపాయల విలువైన వస్తువు కొన్నారనుకోండి; 30 రోజులకు బిల్లు వచ్చి, మరో 20 రోజులకు గడువు తేదీ పడి, ఆ రోజున మీరు 900 కట్టి 100 మిగిల్చారనుకోండి. వడ్డీ ఆ 100 మీదే, అదీ గడువు దాటిన నాటి నుంచే పడుతుందని మనం అనుకుంటాం. అలాగైతే తర్వాతి బిల్లు తయారయ్యే పది రోజులకు అది ఒక్క రూపాయికి కాస్త పైన మాత్రమే ఉండాలి. వాళ్ల లెక్కలో మాత్రం మొదటి 50 రోజులకు 1,000 మీద రోజువారీ వడ్డీ, ఆ తర్వాత పది రోజులకు 100 మీద వడ్డీ, అన్నీ కలిపి 58కి పైనే తేలుతుంది. దీనికి తోడు పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు కనుక, ఆ మధ్యలో కార్డు గీకి కొన్న చిన్నా చితకా వస్తువులకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ లెక్క మొదలైంది.

ఇంతవరకూ అయితే నిబంధన చదవకపోవడం నా ఖర్మ అని ఊరుకునేవాణ్నే. నాకు ఒళ్లు మండింది ఆ తర్వాత. ఫిర్యాదు నమోదు చేయమని అడుగుతూ ఉండగానే ఆ ఉద్యోగి గొంతు ఉన్నట్టుండి తియ్యగా మారి, "మీ చెల్లింపుల చరిత్ర చాలా బాగుంది సార్, మీ కార్డు పరిమితి పెంచుకునే అవకాశం వచ్చింది, సరేనంటే ఇప్పుడే పెంచేస్తాను" అన్నారు. వడ్డీ భారం మోయలేకపోతున్నానని మొత్తుకుంటున్న మనిషికి మరింత అప్పు పుట్టించడమే పరిష్కారమని ఏ శిక్షణలో నేర్పుతారో తెలియదు. వద్దన్నాను. అయితే బాకీని నెలవారీ వాయిదాలుగా మార్చుకోమనీ, వడ్డీ నెలకు ఒక్క శాతమేననీ మరో వరం ప్రసాదించారు. ఆ ఒక్క శాతం తగ్గుతూ వచ్చే బాకీ మీదా, మొదటి అసలు మీదా అని అడిగేసరికి కాసేపు నిశ్శబ్దం. వివరాలు మెయిల్‌లో వస్తాయని జవాబు. వచ్చిన మెయిల్ ప్రకారం అది మొదటి అసలు మీదే. ఏడాది పాటు సమాన వాయిదాలు కడుతున్నప్పుడు అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం తగ్గదు కనుక, పైకి 12 శాతంగా కనిపించే ఆ రేటు నిజానికి 21 శాతం దాటుతుంది, అదీ ప్రాసెసింగ్ రుసుము కలపకుండానే. కోపాన్ని పక్కన పెట్టి చూస్తే 42 కన్నా అది నయమేనని ఒప్పుకుంటాను. కానీ ఒక్క శాతం అని ఊదరగొట్టి, సూటిగా అడిగిన ప్రశ్నకు మాట దాటవేయడాన్ని ఏమనాలి? చివరగా, తమ సేవకు అయిదుకు అయిదు మార్కులు వేయమని కూడా కోరారు. వేశాను, ఒకటి. సున్నా వేసే వీలు లేదు.

బిల్లు మీద పెద్ద అక్షరాలతో కనిపించే కనీస చెల్లింపును నమ్ముకున్నవారి పరిస్థితి నాకన్నా ఘోరం. అది కడితే ఆలస్య రుసుము తప్పుతుందే తప్ప వడ్డీ తప్పదు. నెలకు ఆ మూడున్నర శాతం రేటు మీదే, వడ్డీతో కలిపి తేలిన బాకీలో నెలకు 5 శాతం మాత్రమే కడుతూ పోతే, మళ్లీ ఒక్క వస్తువు కూడా కొనకపోయినా, బాకీ సగానికి దిగడానికే 41 నెలలు పడుతుంది. ఏమీ కట్టకుండా వదిలేస్తే రుసుములు కలపకుండానే చక్రవడ్డీతో ఏడాదికి 51 శాతం పెరుగుతుంది. కార్డుతో నగదు తీసినవారికి వడ్డీ లేని గడువు అసలే ఉండదు. తీసిన రోజు నుంచే వడ్డీ, దానిపైన రుసుము.

కార్డు వాడుతున్నవారు ఇప్పుడే ఒకసారి ఆటో డెబిట్ (ఖాతాలోంచి బిల్లు దానంతటదే చెల్లయ్యే) అమరిక తెరిచి, అందులో కనీస మొత్తం ఎంచుకుని ఉందో, పూర్తి మొత్తం ఎంచుకుని ఉందో చూసుకోండి. పూర్తిగా కట్టలేని నెలలో గడువు తేదీ దాకా ఆగకుండా చేతిలో ఉన్నంత ముందే కట్టండి, వడ్డీ రోజు లెక్కన పడుతుంది కనుక ప్రతి రోజూ కలిసివస్తుంది. బాకీ తీరేదాకా ఆ కార్డుతో ఏమీ కొనకండి. రెండు మూడు కార్డుల మీద బాకీ ఉన్నవారు అన్నింటికీ కనీస మొత్తం కట్టి, మిగిలిన డబ్బును వడ్డీ రేటు ఎక్కువగా ఉన్న కార్డుకు మళ్లించడం మంచిది. తక్కువ వడ్డీకి మామూలు రుణం దొరికితే దానితో కార్డు బాకీ తీర్చేయవచ్చు, ఆ తర్వాత కార్డును మళ్లీ నింపకుండా ఉండగలిగితేనే.

నేను బాకీ మొత్తం ఈరోజే కట్టేశాను. అయినా బిల్లు తయారైన రోజుకూ నేను కట్టిన రోజుకూ మధ్య వడ్డీ వచ్చే బిల్లులో పడుతుందట, అది కూడా అడిగితేనే చెప్పారు. అది వచ్చి, కట్టి, బాకీ ఏమీ లేదని లిఖితపూర్వకంగా ఇచ్చాకే కార్డు రద్దు చేయిస్తాను. మీరు కూడా ఆ కాగితం చేతికి రాకుండా కార్డు మూతపడిందని అనుకోకండి.