గొడాట్ 4.5: తెలుగు అక్షరం కుదిరింది, టైల్స్ కోడ్ మాత్రం ఒకసారి చూసుకోండి

గొడాట్ అనండి, గోడో అనండి, వీడియో ఆటలు తయారుచేసే ఇంజిన్ అదే. జిప్ విప్పి, లోపలున్న ఫైలు మీద రెండుసార్లు నొక్కితే ఎడిటర్ తెరుచుకుంటుంది. ఇన్‌స్టాల్ చేసే తతంగం ఏమీ లేదు. అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఏరియల్ మన్సూర్ 2014లో దీని సోర్సును ఎంఐటీ లైసెన్సు కింద బయటపెట్టారు. ఆట ఎంత అమ్ముడుపోయినా వాటా అడిగేవారు లేరు. లైసెన్సు పాఠాన్ని క్రెడిట్స్‌లో పెడితే చాలు. ఇదంతా చాలామందికి తెలిసిందే. 2023 మార్చిలో వచ్చిన 4.0 నుంచి 2025 సెప్టెంబరు నాటి 4.5 దాకా ఏవి బాగుపడ్డాయి, పాత ప్రాజెక్టుకు ఎక్కడ తేడా కొడుతుంది అన్నది అసలు విషయం.

ముందు మన లిపి సంగతి. 3వ తరం గొడాట్‌లో తెలుగు పెడితే ఒత్తులు విడిపోయి, పొల్లులు బయటికొచ్చి చదవలేని పరిస్థితి. 4లో అక్షరాలను తెరకెక్కించే భాగాన్ని, అంటే టెక్స్ట్ సర్వర్‌ను, కొత్తగా రాశారు. అక్షరాలు కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చూసుకుంటుంది కాబట్టి గుణింతాలు, ఒత్తులు సరిగ్గానే పడతాయి. అయినా ఒక ఉచ్చు ఉంది. ఇంజిన్‌తో వచ్చే ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు. ఎడిటర్ నుంచి నడిపిన ఆటలో తెలుగు కనిపిస్తుందంటే, అది మీ కంప్యూటర్‌లోని ఫాంటును ఇంజిన్ అరువు తెచ్చుకోవడం వల్లే. అదే ఆటను వెబ్‌కు ఎక్స్‌పోర్ట్ చేస్తే డబ్బాలు వస్తాయి. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంటును ప్రాజెక్టులోనే పెట్టండి. ఇంగ్లిష్ ఫాంటు వేరేది కావాలంటే, దాని ఇంపోర్ట్ సెట్టింగుల్లో ఫాల్‌బ్యాక్స్ జాబితాకు తెలుగు ఫాంటును చేర్చండి.

రెండో ఉచ్చు సంభాషణల్లో. ఒక్కో అక్షరం టైపవుతున్నట్టు చూపించడానికి విజిబుల్ క్యారెక్టర్స్ విలువను పెంచుకుంటూ పోతాం కదా. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, ఇంజిన్ లెక్కలో ఆరు. అందువల్ల తెర మీద స, స్, స్త, స్త్, స్త్ర, స్త్రీ అని రూపం మారుతూ మినుకుమినుకుమంటుంది. లేబుల్‌లో విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్‌ను 'క్యారెక్టర్స్ ఆఫ్టర్ షేపింగ్'కి మార్చండి. అప్పుడు కూర్చిన అక్షరమే తెర మీదికొస్తుంది. డిఫాల్ట్‌గా 'బిఫోర్ షేపింగ్' ఉంచడం ఇంగ్లిష్ మాత్రమే చూసి చేసిన నిర్ణయంలా ఉంది.

ఇక టైల్స్, అంటే గడుల్లో పేర్చి మ్యాపు కట్టే చిన్న బొమ్మలు. గొడాట్‌లో ఆటను కట్టే ఒక్కో ముక్కను నోడ్ అంటారు. 4.3లో టైల్‌మ్యాప్ నోడ్‌ను పక్కనపెట్టి, ఒక్కో పొరకు ఒక్కో టైల్‌మ్యాప్‌లేయర్ నోడ్ ఇచ్చారు. పాత నోడ్ ఇంకా పనిచేస్తుంది, కానీ కొత్త సదుపాయాలు దానికి రావు. మార్చడం తేలికే: టైల్‌మ్యాప్‌ను ఎంచుకుని, కింది ప్యానెల్‌లో కుడిచివర ఉన్న పనిముట్ల గుర్తు నొక్కి, పొరలను విడి నోడ్‌లుగా తీయమంటే తీసేస్తుంది. కోడ్‌ను మాత్రం అది ముట్టుకోదు. సెట్‌సెల్ లాంటి ఫంక్షన్లలో పొర నంబరు మొదటి ఆర్గ్యుమెంట్‌గా ఉండేది, ఇప్పుడు అది లేదు. స్క్రిప్టుల్లో అన్నిచోట్లా వెతికి ఆ నంబరు మీరే తీసేయాలి.

4.5లో ఇదే నోడ్‌కు ఇంకో మార్పు. పక్కపక్కనే ఉన్న టైల్స్ కొలిజన్ ఆకారాలను (ఢీకొన్నది తెలుసుకోవడానికి వాడేవి) కలిపి పెద్ద ముక్కలుగా చేస్తున్నారు. పెద్ద మ్యాపులకు ఇది మంచి లాభం. కానీ ఆటగాడు ఏ ఇటుకను గుద్దాడో బాడీ ఆర్‌ఐడీ (ఢీకొన్న వస్తువుకు ఇంజిన్ ఇచ్చే గుర్తింపు సంఖ్య) ద్వారా కనుక్కునే ఆటల్లో కచ్చితమైన గడి దొరకదు. అలాంటి పొరకు ఫిజిక్స్ క్వాడ్రంట్ సైజును 16 నుంచి 1కి దించండి. మిగతా పొరలను కదపక్కర్లేదు.

4.4తో ప్రతి స్క్రిప్టు, షేడర్ (బొమ్మ ఎలా కనిపించాలో చెప్పే కోడ్) పక్కన యుఐడీ ఫైలు ఒకటి పుట్టుకొస్తోంది. ఇదేదో చెత్త అనుకుని గిట్ ఇగ్నోర్‌లో (కోడ్ మార్పులను దాచే గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితా) వేయకండి. ఫైలు పేరు మారినా, చోటు మారినా లింకు తెగకుండా చూసేది అదే. ఫైళ్లను ఎడిటర్ బయట జరిపితే దాన్నీ వెంట తీసుకెళ్లాలి. ఇగ్నోర్ చేయాల్సింది చుక్కతో మొదలయ్యే గొడాట్ ఫోల్డర్‌ను.

3డి చేసేవాళ్లకు 4.4లో, వస్తువుల కదలికలను, ఢీకొనడాలను లెక్కించే జోల్ట్ ఫిజిక్స్ గొడాట్‌లోనే కలిసింది. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఫిజిక్స్, 3డి కింద ఎంచుకుని ఎడిటర్‌ను మళ్లీ తెరవాలి. ఒకదాని మీద ఒకటి పేర్చిన పెట్టెలు పాతదానికంటే నిలకడగా నిలబడతాయి. 4.4లో ఒక ఇబ్బంది ఉండేది: ఏరియా నోడ్‌లు (తమ పరిధిలోకి ఏం వచ్చిందో కనిపెట్టేవి) గోడల్లాంటి కదలని స్టాటిక్ బాడీలను మామూలుగా గుర్తించేవి కావు. గోడను తాకితే పేలాల్సిన ఏరియా అందులో మౌనంగా దూసుకుపోతే కారణం ఇదే. జోల్ట్ సెట్టింగుల్లో దీనికి విడిగా టిక్ ఉండేది; 4.5లో ఆ టిక్ తీసేసి, ఎప్పుడూ గుర్తించేలా చేశారు. జాయింట్లకున్న కొన్ని పాత గుణాలకూ జోల్ట్‌లో చోటు లేదు. తలుపులు, గొలుసులు ఉన్న ఆటను మార్చేముందు పరీక్షించండి. 2డి ఆటలకు దీనితో పనే లేదు.

ఆండ్రాయిడ్ ఆటలు చేసేవారికి 4.5కి వెళ్లడం దాదాపు తప్పనిసరి. ఆండ్రాయిడ్ 15ను, అంతకుపై వెర్షన్లను టార్గెట్ చేసే యాప్‌లకు 16 కేబీ మెమరీ పేజీల మద్దతు ఉండాలని 2025 నవంబరు 1 నుంచి గూగుల్ ప్లే నిబంధన. 4.5 దానికి సిద్ధంగా ఉంది. మీరు వాడే ప్రకటనల ప్లగిన్‌లోని నేటివ్ లైబ్రరీ సిద్ధంగా లేకపోతే మాత్రం ఇంజిన్ ఏమీ చేయలేదు.

వెబ్ ఎక్స్‌పోర్ట్ 4.3 నుంచి థ్రెడ్లు లేకుండా నడుస్తుంది కాబట్టి సర్వర్‌లో ప్రత్యేక హెడర్లు పెట్టే బాధ తప్పింది. బదులుగా శబ్దాలు శాంపిల్ పద్ధతిలో, అంటే బ్రౌజర్ ద్వారానే, మోగుతాయి. ఆడియో బస్‌కు (శబ్దాలు కలిసి వెళ్లే దారి) పెట్టిన రివర్బ్, అంటే ప్రతిధ్వని, వెబ్‌లో వినిపించదు. స్ట్రీమ్ పద్ధతికి మారిస్తే వినిపిస్తుంది, కానీ నెమ్మది ఫోన్లలో చిటపటలు రావచ్చు. సీ షార్ప్‌తో రాసిన ఆట 4.5లోనూ వెబ్‌కు వెళ్లదు. ఇన్నేళ్లయినా ఇది తీరకపోవడం పెద్ద లోటే. వెబ్ లక్ష్యమైతే గొడాట్ సొంత భాష జీడీస్క్రిప్ట్‌తోనే మొదలుపెట్టండి. టైప్డ్ డిక్షనరీలు, అబ్‌స్ట్రాక్ట్ క్లాసులు వచ్చాక అది మునుపటిలా మరీ వదులుగా లేదు.

4.4 నుంచి ఆట ఎడిటర్ లోపలే నడుస్తుంది. చిన్న తెర లాప్‌టాప్‌లో ఇది ఇరుకు. గేమ్ ట్యాబ్‌లోని ఎంబెడ్ ఆప్షన్ తీసేస్తే విడి కిటికీ వస్తుంది.

మారేటప్పుడు వరుస ఇది. ఉన్నదంతా కమిట్ చేయండి. కొత్త ఎడిటర్‌లో తెరిచి, ఇంపోర్ట్ పూర్తయ్యేదాకా ఆగండి. ప్రాజెక్ట్ మెనూలో టూల్స్ కింద 'అప్‌గ్రేడ్ ప్రాజెక్ట్ ఫైల్స్' నడిపి, ఆ మార్పులను విడిగా కమిట్ చేయండి. ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్లు ఎడిటర్ వెర్షన్‌తో చివరి అంకె దాకా కలవాలి, లేకపోతే ఎక్స్‌పోర్ట్ మొదలే కాదు. నెలలో విడుదల చేయాల్సిన 4.2 ఆట ఉంటే, అది బయటికి వెళ్లేదాకా దీని జోలికి పోవద్దు.