సీఎంఎల్‌లో ఏ పరీక్ష మేలు: కేరియోటైపా, ఫిషా, పీసీఆరా?

సీఎంఎల్, అంటే తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే ఒక రకం రక్త క్యాన్సర్, ఉందని తేలినవారు పదే పదే అడిగే ప్రశ్న ఇది. 9వ క్రోమోజోములోని ఏబీఎల్1 జన్యువు తెగివచ్చి 22వ క్రోమోజోములోని బీసీఆర్ జన్యువుకు అతుక్కోవడమే ఈ జబ్బుకు మూలం కనుక, మూడు పరీక్షలూ వెతికేది ఆ అతుకునే.

కేరియోటైప్ అంటే కణంలోని క్రోమోజోములన్నిటినీ సూక్ష్మదర్శినిలో చూడటం. దానికి ఎముక మజ్జ కావాలి, విభజన చెందుతున్న కణాలు కావాలి. చూసేది సాధారణంగా ఇరవై కణాలే. అయినా, 8వ క్రోమోజోము ఒకటి అదనంగా చేరడం, కురచబడిన 22వ క్రోమోజోము, అంటే ఫిలడెల్ఫియా క్రోమోజోము, రెండోది కనబడటం వంటి హెచ్చరికలన్నిటినీ మిగతా రెండూ మామూలుగా చూపలేవు గనుక, మొదట్లో ఒకసారి తప్పదు.

ఫిష్‌లో ఆ రెండు జన్యువులకూ మెరిసే రంగులు అంటిస్తారు; ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు కలిసి పసుపుగా మెరిస్తే అతుకు ఉన్నట్టే. విభజన కోసం ఆగనక్కరలేదు, ఫలితం త్వరగా వస్తుంది. అంతకు మించి చెప్పుకోవలసింది లేదు.

నా మొగ్గు పీసీఆర్ వైపు; అతుకు జన్యువు నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏ నకళ్లను లెక్కించే పరీక్ష ఇది. ఈ మార్పు మూలకణంలోనే పుడుతుంది కాబట్టి న్యూట్రోఫిల్స్, బేసోఫిల్స్, ప్లేట్‌లెట్లను తయారుచేసే మెగాకేరియోసైట్లు, ఎర్రకణాల పూర్వకణాలు, కొందరిలో బి లింఫోసైట్లు కూడా దాన్ని మోస్తాయి. అందుకే చికిత్స ఎలా సాగుతోందో తెలుసుకోవడానికి మజ్జను మళ్లీ మళ్లీ తీయకుండా చేతి నరంలోని రక్తంతోనే సరిపెట్టుకోవచ్చు. సుమారు లక్ష కణాల్లో ఒకటి మిగిలినా ఇది పట్టుకోగలదు. ల్యాబులన్నిటికీ ఉమ్మడి కొలమానమైన అంతర్జాతీయ స్కేలు మీద ఆ నకళ్లు, చికిత్స మొదలైన మూడు నెలలకు 10 శాతం, ఏడాదికి 0.1 శాతం మించకూడదన్న లక్ష్యాలను కొలిచేదీ ఇదే. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయిస్తేనే అంకెలను పోల్చడం సులువు.

అయితే నా దృష్టిలో అసలు విషయం ట్రాన్‌స్క్రిప్ట్ రకం, అంటే ఆ ఆర్‌ఎన్‌ఏ నకలు ఏ రూపంలో ఉందన్నది. అత్యధికుల్లో ఉండేది ఈ13ఏ2 లేదా ఈ14ఏ2; రెండూ పీ210 ప్రొటీన్‌నే ఇస్తాయి, మామూలు పీసీఆర్ కొలిచేదీ వాటినే. అరుదుగా మోనోసైట్లు ఎక్కువగా కనబడే పీ190 రకమో, ముదిరిన న్యూట్రోఫిల్స్ పెరిగే పీ230 రకమో ఉంటే, మజ్జ నిండా జబ్బున్నా ఆ పరీక్ష ‘కనబడలేదు’ అని చెప్పవచ్చు. కనుక మందు మొదలుపెట్టక ముందే ఏ రకమో రిపోర్టులో రాయించుకోవాలి. ఫిష్‌లో పసుపు చుక్కలుండగా మొదటి పీసీఆర్ నెగటివ్ వస్తే, శంకించవలసింది ఫిష్‌ను కాదు, పీసీఆర్‌లో వాడిన ప్రైమర్లను, అంటే వెతకవలసిన నకలును గుర్తుపట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలను.