క్లబ్బుకి భువనేశ్వరా, విశాఖా? బరంపురం కుర్రాళ్ళకి ఏది మేలు?

ఒడిశాలో ఉన్న మా బరంపురంలో డీజే చప్పుడు వినాలంటే పెళ్ళి ఊరేగింపన్నా రావాలి, నిమజ్జనమన్నా రావాలి. పేరున్న క్లబ్బు చూడాలంటే మాత్రం రెండే దారులు, పైకి సుమారు 170 కిలోమీటర్లు వెళ్తే భువనేశ్వర్, కిందికి 260 పైచిలుకు వెళ్తే విశాఖ. దగ్గర కదా అని అందరూ భువనేశ్వరే అంటారు. జంటగా వెళ్తే సరే, మగపిల్లలే గుంపుగా వెళ్తే మాత్రం నేను విశాఖే అంటాను. గేటు దగ్గర వ్యవహారం అలా ఉంటుంది మరి.

భువనేశ్వర్‌లో ఇన్‌స్టాలో తెగ తిరిగే ఒక క్లబ్బుకి నలుగురం వెళ్ళాం. ఎంట్రీ డబ్బు ముందే ఆన్‌లైన్‌లో కట్టేశాం. బౌన్సర్ మా ఫోన్లో క్యూఆర్ వైపే చూడలేదు, ముందు బూట్లు చూశాడు, తర్వాత మొహాలు చూశాడు, మేం తెలుగులో ఏదో అనుకుంటుంటే పక్కవాడితో "తెలంగా పిలా" (తెలుగు కుర్రాళ్ళు అని వెటకారం) అని నవ్వి, స్టాగ్ ఎంట్రీ బంద్, అంటే అమ్మాయిలు లేకుండా వచ్చిన మగాళ్ళకి ప్రవేశం లేదు, లోపల ఫుల్ అన్నాడు. మేం ఒడియాలోనే జవాబిచ్చాం (బడి చదువంతా ఒడియాలోనే కదా మాది), అయినా ఫుల్లే. ఆ ఫుల్లయిన క్లబ్బులోకే మా వెనకున్న జంటలు చేతి మీద స్టాంపు కొట్టించుకుని ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోతున్నారు. డబ్బు వెనక్కి అడిగితే నాన్ రిఫండబుల్ అట.

విశాఖలో స్టాగ్ గొడవ లేదనుకోకండి, శనివారం రాత్రి అక్కడా ఉంటుంది. కాకపోతే మేనేజర్‌ని పిలిచి "అన్నా, బరంపురం నుంచి వచ్చాం, టేబుల్ తీసుకుంటాం" అని మాట్లాడుకునే వీలుంటుంది. మన యాస వినగానే "ఒరిస్సా బ్యాచా?" అని ఒక వెటకారం తప్పదు, అదేంటో మనం అక్కడ తెలంగా, ఇక్కడ ఒరిస్సా. కానీ ఆ మాట అన్నాక లోపలికి పంపుతారు. ఖర్చు మాత్రం విశాఖకే ఎక్కువ, అర్ధరాత్రి దాటాక తిరిగొచ్చే ఓపిక ఎవరికుంటుంది, రూమ్ తీసుకోవాల్సిందే.

లోపల రెండూ ఒకటే. కవర్ చార్జి, అంటే ఎంట్రీకి కట్టిన డబ్బు, మొత్తం తిండికీ తాగుడికీ వాడుకోవచ్చంటారు, మెనూ చూస్తే రెండు గ్లాసులకే అయిపోతుంది. బిల్లులో సర్వీస్ చార్జి వేస్తే తీసెయ్యమనండి, దాన్ని వాళ్ళంతట వాళ్ళు కలపకూడదని 2022లోనే కేంద్ర వినియోగదారుల సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్నే సమర్థించింది. ఇక ఆ లేడీస్ ఫ్రీ బోర్డు చూసి మా వాళ్ళు అమ్మాయిలకెంత అదృష్టమో అంటుంటారు. అదృష్టమా? వాళ్ళని ఎరగా పెట్టి మన దగ్గర డబ్బు గుంజడం అది.

రాజ్యాంగం 15(2) ప్రకారం మతం, కులం, జాతి, లింగం, పుట్టిన చోటు చూసి హోటళ్ళలోకి, వినోదశాలల్లోకి రానివ్వకపోవడం తప్పు. ఆ జాబితాలో భాష లేదు. ఉన్నా ఏం లాభం, తెలుగువాళ్ళని రానివ్వం అని ఎవడూ నోటితో అనడు కదా, ఫుల్ అంటాడు. కాబట్టి గేటు దగ్గర రాజ్యాంగం మాట్లాడి గొంతు చించుకోవడం కంటే, డబ్బు కట్టిన రసీదు స్క్రీన్‌షాట్ పెట్టుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేయడం నయం.

గోపాల్‌పూర్ బీచ్ సంగతి కూడా చెప్పాలి, బరంపురానికి 16 కిలోమీటర్లే. బౌన్సర్ లేడు, కవర్ చార్జి లేదు, వేయించిన చేప వేడివేడిగా దొరుకుతుంది. కానీ డాన్స్ చేయాలని బయల్దేరినవాడికి సముద్రం చూపిస్తే ఏం సరిపోతుంది? ఒడ్డున సీసా తీస్తే పోలీసులు ఊరుకోరు కూడా. కబుర్లకయితే గోపాల్‌పూర్, ఫ్లోర్ కావాలంటే విశాఖ.

వెళ్ళే ముందు రెండు పనులు చేయండి. రెండు రాష్ట్రాల్లోనూ తాగే వయసు 21, ఆధార్ జేబులో ఉండాలి. నలుగురం అబ్బాయిలం, రానిస్తారా అని క్లబ్బు నంబరుకి వాట్సాప్‌లోనే రాసి అడగండి, ఫోన్ చేస్తే అందరూ రండి రండి అనే అంటారు. రాతపూర్వకంగా జవాబు రాకపోతే టికెట్టు కొనకండి.